డాక్టర్ గారు కూడా అటే వెళ్ళారట

2025 మార్చిలో విశాఖపట్నంలో ఒక పుస్తకావిష్కరణ జరిగింది. దగ్గుబాటి వెంకటేశ్వరరావు గారు ప్రపంచ చరిత్ర మీద రాసిన పుస్తకం. కేంద్ర మంత్రి నిర్మలా సీతారామన్ గారు వచ్చారు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు వచ్చారు. ఎన్టీఆర్ అల్లుళ్ళైన ఈ ఇద్దరూ ఇన్నేళ్ళకి ఒకే వేదిక మీద ఆప్యాయంగా పలకరించుకున్న ఆ వీడియో ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందో లెక్కలేదు. ఆ వారం నేను ఊళ్ళోనే ఉన్నాను. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు, అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా అయింది. పెదనాన్నకి కంటి ఆపరేషన్ అయితే చూడ్డానికి వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్‌లో వీడియో వచ్చింది, చూపిస్తాను అంటే వద్దన్నాడు. కాసేపాగి "ఏదీ, ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

ఆయన ఆ ఫోను పట్టుకున్న తీరు చూశాక నాకు 1995 ఆగస్టు మొత్తం గుర్తొచ్చింది, ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్‌ని సొంత పార్టీ ఎమ్మెల్యేలే దించేసిన నెల. అప్పటి సంగతి ఎప్పటినుంచో రాయాలని ఉంది. ఆ రోజుల గురించి పుస్తకాలొచ్చాయి, ఇంటర్వ్యూలొచ్చాయి, ఆ ఎమ్మెల్యేలు క్యాంపు పెట్టిన హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ లోపల ఏం జరిగిందో ఎవరి మాట వాళ్ళు చెప్పారు. హోటల్‌కి మూడొందల కిలోమీటర్ల అవతల ఒక ఇంటి అరుగు మీద ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎందుకు చెప్తారు, వాళ్ళకి తెలియదు కదా.

మా తాతయ్యకి రామారావు గారంటే ప్రాణం. సినిమాల వల్ల కాదు, ఆయన సినిమాలు పెద్దగా చూసిన మనిషి కాదు. 1982 చివర్లో చైతన్యరథం మా వైపు వస్తుందని తెలిసి సాయంత్రం ఆరింటికి రోడ్డు మీదికెళ్ళి నిలబడితే రథం వచ్చేసరికి తెల్లవారుజాము రెండయిందట. "డ్రైవింగ్ సీట్లో హరికృష్ణ ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి పాపం, పైన తండ్రి, కింద కొడుకు" అని ఆ మాట వందసార్లు చెప్పేవాడు. తర్వాత రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది, కరణాల వ్యవస్థ పోయింది, మండలాలొచ్చాయి. ఇంటి వసారాలో కాషాయ బట్టల్లో ఉన్న రామారావు గారి క్యాలెండర్ ఒకటి ఉండేది, సంవత్సరం అయిపోయినా కింద తేదీల కాగితాలు చింపేసి బొమ్మ మాత్రం అలాగే ఉంచేశాడు.

పెదనాన్న తాతయ్యని చూసే పార్టీలోకి వచ్చాడు, కానీ ఆయన మనిషి వేరు. తాతయ్యకి ఒక్క రామారావు గారు చాలు. పెదనాన్న పార్టీలో తిరిగేవాడు, తిరిగేవాడికి ఒక వర్గం కావాలి. మా నియోజకవర్గంలో దగ్గుబాటి గారంటే డాక్టర్ గారే, పేరు పెట్టి ఎవరూ అనేవాళ్ళు కాదు. 80ల్లో పర్చూరు నుంచి గెలిచిన మనిషి, ఎన్టీఆర్ అల్లుడు, పార్టీ పుట్టినప్పటి నుంచీ మామగారి వెంట ఉన్నాయన. ఇంకో అల్లుడు చంద్రబాబు గారు అప్పటికి కాంగ్రెస్‌లో మంత్రి, 83లో చంద్రగిరిలో కాంగ్రెస్ తరఫునే నిలబడి ఓడిపోయి ఆ తర్వాత తెలుగుదేశంలోకి వచ్చారు. "మేము మొదటినుంచీ ఉన్నవాళ్ళం" అనే మాట మా పెదనాన్న వర్గం వాళ్ళ నోట్లో ఎప్పుడూ నానుతుండేది. పార్టీలో పట్టు ఎవరిదనే పోటీ తోడల్లుళ్ళ మధ్య నడుస్తుంటే అది జిల్లాకీ, మండలానికీ, చివరికి మా ఊరి సొసైటీ ఎన్నికల దాకా దిగొచ్చింది.

ఆ సొసైటీ గొడవే అసలు గొడవ మాకు. పెదనాన్న ప్రెసిడెంటు పదవికి నిలబడదామనుకుంటే, ఇదే పార్టీలో చంద్రబాబు గారి వర్గంలో ఉన్న ఇంకొకాయన పోటీకి దిగి గెలిచేశాడు. ఆయన మాకు దూరపు చుట్టమే, నాకు వరసకి మావయ్య అవుతాడు, అప్పటినుంచీ ఇంట్లో ఆయన పేరే సొసైటీ మావయ్య. పెదనాన్నా ఆయనా కలిసి చదువుకున్నవాళ్ళు, ఒకే సైకిల్ మీద ఇంకొల్లు వెళ్ళి సినిమాలు చూసినవాళ్ళు. ఆ ఎన్నిక తర్వాత మూడేళ్ళు మాటల్లేవు. పెళ్ళి భోజనాల్లో ఒకరు ఈ వరసలో కూర్చుంటే ఇంకొకరు లేచి ఆ వరసలోకి పోయేవాళ్ళు. ఎరువుల కొట్టు దగ్గర ఆయన స్కూటర్ కనపడితే పెదనాన్న ఆగకుండా వెళ్ళిపోయి మళ్ళీ సాయంత్రం వచ్చేవాడు. అలాంటివి నేను కళ్ళారా చూశాను.

1994 డిసెంబరులో తెలుగుదేశం ఒక్కటే 216 సీట్లు గెలిచింది, కాంగ్రెస్‌కి 26 మిగిలాయి. ఊరంతా పండగ. ఆ పండగలో కూడా ఊరేగింపులు రెండు, ఒకటి మా వీధి నుంచి, ఒకటి సొసైటీ మావయ్య వీధి నుంచి. తొమ్మిది నెలలు తిరక్కుండానే ఆ ఆగస్టు వచ్చింది.

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. ఉదయం ఆరూ నలభై ఐదుకి విజయవాడ రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలైతే వసారాలో పదిమంది నిలబడి వినేవాళ్ళు. ఎమ్మెల్యేలు క్యాంపు పెట్టారట, వైస్రాయ్ హోటల్లో ఉన్నారట, నిన్న ఎనభై మంది, ఇవాళ వంద దాటారట, ఇలా రోజుకో లెక్క. లక్ష్మీపార్వతి గారి జోక్యం ఎక్కువైందని మగవాళ్ళందరూ గట్టిగా అరుస్తుంటే నానమ్మ వంటింట్లోంచి "ఆయన చేసుకున్న పెళ్ళి ఆయనిష్టం, మధ్యలో మీకేం పోయింది" అని ఒక్కటే మాట అనేది. క్యాంపు నడిపిస్తున్నది చంద్రబాబు గారని తెలిసినప్పుడు పెదనాన్న మొహంలో ఒక రకమైన ధీమా కనపడింది, చూశారా మేము చెప్పలేదా అన్నట్టు. పార్టీ జెండా కర్రకి కొత్త బట్ట కట్టి, రామారావు గారికి మద్దతుగా పర్చూరులో ధర్నా చేద్దామని కార్యకర్తలని పోగు చేశాడు. తాతయ్య ఎంత సంతోషించాడో. "84లో ఎలా నిలబడ్డామో అలా నిలబడాలి అబ్బాయ్" అన్నాడు. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయిన ఆ నెల రోజులు, గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన మనిషి చక్రాల కుర్చీలో ఢిల్లీ దాకా వెళ్ళి రాష్ట్రపతి ముందు ఎమ్మెల్యేలని నిలబెట్టిన రోజులు, అవన్నీ మళ్ళీ చెప్పుకొచ్చాడు. అప్పుడు ఎమ్మెల్యేలని జారిపోకుండా క్యాంపులో కాపాడిన వాళ్ళలో చంద్రబాబు గారు ముందున్నారన్నది కూడా ఆయన దాచలేదు. "ఆ అల్లుడే ఈ పని చేస్తాడని ఎట్లా అనుకుంటాం" అన్నాడు.

ధర్నా జరగలేదు. ముందురోజు మధ్యాహ్నం ఎరువుల కొట్టుకి హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది పెదనాన్నకి. ఊళ్ళో ఫోన్లు మూడో నాలుగో, ఆ కొట్టు ఫోనే మా అందరికీ దిక్కు. నన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు, ఎందుకో గుర్తులేదు. రిసీవర్ చెవికి పెట్టుకుని "ఆ... ఆ..." అంటున్నాడు. తర్వాత "డాక్టర్ గారా? మన డాక్టర్ గారేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఫోను పెట్టేశాక యూరియా బస్తాల మీద కూర్చున్నాడు. కొట్టాయన ఏమైందంటే "డాక్టర్ గారు కూడా అటే వెళ్ళారట" అన్నాడు. కొట్టాయన ఇంకేం అడగలేదు. సోడా కొట్టి ఇచ్చాడు, పెదనాన్న తాగలేదు, నేను తాగాను.

హరికృష్ణ గారు కూడా ఆ వైపే ఉన్నారని మర్నాడు తెలిసింది. తాతయ్యకి ఈ కబురు అన్నిటికంటే ఎక్కువ తగిలింది, డ్రైవింగ్ సీట్లో ఎర్రటి కళ్ళు చూసిన మనిషి కదా.

ఆ రాత్రి పెదనాన్న నిద్రపోలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. తెల్లారేసరికి సొసైటీ మావయ్య మా ఇంటికి వచ్చాడు. మూడేళ్ళ తర్వాత. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు, చెప్పులు విప్పి చేత్తో పక్కకి సర్దాడు. "బావా, ఇంక మనం మనం ఒకటే" అన్నాడు. పెదనాన్న లేచి ఎదురెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. చిన్నప్పటి స్నేహితులు కదా, ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. ఆ సంతోషం అబద్ధం కాదు, ఇప్పటికీ నేను ఆ మాట మీద నిలబడతాను. నాయకుడు వెళ్ళాడు కాబట్టి వెళ్ళాడు, పదవి కోసం వెళ్ళాడు అని ఊళ్ళో చాలా అన్నారు పెదనాన్నని. పోయిన స్నేహితుడు ఇంటికి నడిచొస్తే వెనక్కి పంపించలేకపోయాడన్నది ఎవరికీ కనపడలేదు.

పెద్దమ్మ కాఫీ తెచ్చింది. తాతయ్య అరుగు చివర కూర్చుని పేపరు చదువుతున్నాడు. రామారావు గారు చైతన్యరథం మీద వైస్రాయ్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మీద చెప్పులు పడ్డాయన్న వార్త. చదవడం ఆపి పేపరు నాలుగు మడతలు పెట్టాడు. సొసైటీ మావయ్య "మావా, బాగున్నారా" అన్నాడు మర్యాదగా. తాతయ్య ఆయన వైపు చూడలేదు. పెదనాన్న వైపు చూసి, "నిన్నటిదాకా ఆయన పేరెత్తితే అన్నం ముందునుంచి లేచిపోయావు. ఇవాళ కాఫీ తాగుతున్నావు. ఈ రాత్రికి రాత్రి నీకు కొత్తగా ఏం తెలిసింది అబ్బాయ్?" అని అడిగాడు. గట్టిగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. పెదనాన్న "పెద్దవాళ్ళు అంతా ఆలోచించే చేస్తారు నాన్నా, పార్టీ మిగలాలి కదా" అన్నాడు. తాతయ్య పేపరు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ కొడుకుతో మాట్లాడలేదు.

ఆగస్టు 31న రామారావు గారు రాజీనామా చేశారు. సెప్టెంబరు 1న చంద్రబాబు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. హరికృష్ణ గారికి రవాణా శాఖ వచ్చింది. డాక్టర్ గారికి ఏమొస్తుందోనని పెదనాన్న రోజూ పేపర్లో వెతికేవాడు. అదే వారంలో, ఆగస్టు 27న, ఈటీవీ మొదలైంది. ఊళ్ళో కేబుల్ ఉన్న రెండిళ్ళ ముందు జనం కొత్త ఛానెల్ చూడ్డానికి గుమిగూడేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఒకే కప్పు కింద తండ్రీ కొడుకూ మనిషిని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. ఆ మధ్యమనిషి చాలాసార్లు నేనే. "మోటారు వెయ్యమని మీ పెదనాన్నకి చెప్పు." "కరెంటు లేదని మీ తాతయ్యకి చెప్పు." ఇద్దరూ నాకు నాలుగడుగుల దూరంలోనే ఉండేవాళ్ళు.

ఆ చలికాలంలో రామారావు గారి మాటలతో క్యాసెట్ వచ్చింది, జామాతా దశమగ్రహం అని. అల్లుడు పదో గ్రహం అన్న పాత సామెత. తాతయ్య చీరాల వెళ్ళి ఆ క్యాసెట్ కొనుక్కొచ్చాడు. మా టేప్ రికార్డర్ బ్యాటరీలు అయిపోతే గొంతు సాగదీసినట్టు వచ్చేది, ఆ గొంతు అలా నీరసంగా వింటే నాకు భయం వేసేది, నిజంగానే ఆయన అలిసిపోయి మాట్లాడుతున్నట్టుండేది. రోజూ రాత్రి భోజనాలయ్యాక వసారాలో పెట్టేవాడు. పెదనాన్న ఇంటికొచ్చే వేళ కూడా అదే. ఆయన వీధి మలుపులోనే స్కూటర్ ఇంజన్ ఆపేసి, తోసుకుంటూ వచ్చి గేదెల కొట్టం పక్కన స్టాండ్ వేసి, చీకట్లో అక్కడే నిలబడేవాడు. మొదట్లో తాతయ్య ముందు పడలేక అనుకున్నాను. ఒకరోజు గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళి చూస్తే, కొట్టం గుంజకి తల ఆనించి క్యాసెట్ వింటున్నాడు. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టాడు. నేను ఎవరికీ చెప్పలేదు. తాతయ్యకి చెప్పి ఉండాల్సిందేమో అని తర్వాత చాలా ఏళ్ళు అనిపించింది.

1996 జనవరి 18. సంక్రాంతి వెళ్ళి రెండు మూడు రోజులే అయింది, వాకిట్లో రథం ముగ్గు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. రామారావు గారు లేరని రేడియో చెప్పింది. తాతయ్య ఏడవలేదు. పైపంచె తీసి దులిపి భుజాన వేసుకుని బయటికొచ్చి, అయిదు నెలల తర్వాత మొదటిసారి పెదనాన్నతో నేరుగా "బండి తియ్యి" అన్నాడు. అంతే. ఇద్దరూ చీరాల వెళ్ళి దొరికిన రైలెక్కి సికింద్రాబాద్ దాకా నిలబడే వెళ్ళారు. ఎల్బీ స్టేడియంలో భౌతికకాయం ఉంచారు, 83లో ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన చోటే. వరసలో గంటలు గంటలు నిలబడ్డారట. తోపులాటలో తప్పిపోకుండా తాతయ్య వెనకనుంచి పెదనాన్న చొక్కా కొస పట్టుకున్నాడట, చిన్నపిల్లలు తిరునాళ్ళలో పట్టుకున్నట్టు. "ఆ చొక్కా కుట్లు పిగిలిపోయాయిరా, అంత గట్టిగా పట్టుకున్నాడు మీ తాత" అని పెదనాన్న ఒకే ఒక్కసారి చెప్పాడు నాకు. తిరిగొచ్చాక ఇద్దరూ మామూలుగా మాట్లాడుకున్నారు. ఆగస్టు సంగతి మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తోడల్లుళ్ళ పొత్తు కూడా ఎక్కువకాలం నిలవలేదని అందరికీ తెలిసిందే. హరికృష్ణ గారు కూడా 1999లో వేరే పార్టీ పెట్టుకుని, తర్వాత మళ్ళీ వెనక్కి వచ్చారు. డాక్టర్ గారు 2004లో కాంగ్రెస్ తరఫున పర్చూరులో గెలిచారు, 2009లో మళ్ళీ గెలిచారు. పెదనాన్న ఆయన వెంటే కాంగ్రెస్‌లోకీ వెళ్ళాడు. తాతయ్య 2001లోనే పోయాడు, అది చూడకుండా పోయాడని నానమ్మ అనుకునేది. ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే పంచెల కింద ఆ నాలుగు మడతల పేపరు ఉంది. సొసైటీ మావయ్యతో పెదనాన్నకి మళ్ళీ మాటలు ఆగిపోయాయి, ఈసారి మూడేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు పైనే. ఆయన భార్య పోయినప్పుడు పెదనాన్న వెళ్ళి, గుంపులో వెనక నిలబడి వచ్చేశాడు. 2019లో డాక్టర్ గారు వైసీపీ నుంచి నిలబడి ఓడిపోయాక పెదనాన్న రాజకీయాల ఊసే మానేశాడు. ఇప్పుడు చూస్తే డాక్టర్ గారి భార్య పురందేశ్వరి గారు 2024లో కూటమిలో బీజేపీ నుంచి రాజమండ్రి ఎంపీ అయ్యారు, ఆ కూటమికే చంద్రబాబు గారు ముఖ్యమంత్రి.

అందరూ కలిసిపోయినందుకు నాకు కోపం లేదు. వయసైన మనుషులు, ఒక ఇంటి వాళ్ళు, పలకరించుకోవడమే మంచిది, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. నన్ను ఇన్నేళ్ళూ వదలనిది తాతయ్య అడిగిన ఆ ఒక్క ప్రశ్న. డాక్టర్ గారిని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండే ఉంటుంది, ఆయన తన వైపు సంగతులు చెప్పారు, రాశారు కూడా. మా పెదనాన్న దగ్గర చెప్పుకోవడానికి ఏముంది? అటు వెళ్ళినప్పుడూ కారణం ఎవరూ చెప్పలేదు, ఇటు వచ్చినప్పుడూ చెప్పలేదు. ఫోను వచ్చేది, అంతే. ఎరువుల కొట్లో ఆ యూరియా బస్తాల మీద కూర్చుని, రేపు తండ్రికి ఏం చెప్పాలో తనంతట తనే వెతుక్కోవాల్సొచ్చింది. రాష్ట్రమంతా ఆ వారం అలాంటి వాళ్ళు ఎన్ని వేలమంది ఉండుంటారో.

ఆ రోజు పెదనాన్న వీడియో మూడుసార్లు చూశాడు. నల్ల కళ్ళద్దాలు పైకెత్తి దగ్గరగా పెట్టుకుని చూశాడు, డాక్టర్ కాంతి చూడొద్దన్నాడని పెద్దమ్మ అరుస్తున్నా వినలేదు. "మన డాక్టర్ గారు చిక్కిపోయారు" అన్నాడు. కాసేపటికి "వాళ్ళేం మాట్లాడుకున్నారో వినపడేట్టు పెట్టరా" అన్నాడు. పెంచితే చప్పట్ల మోతే తప్ప ఏం వినపడలేదు. ఫోను నాకిచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకుని నేను లేవబోతుంటే, "గుంటూరులో మీ సొసైటీ మావయ్య కొడుకు నంబరు నీ దగ్గర ఉందా?" అని అడిగాడు.

ఉంది. కలిపి ఇచ్చాను. అవతల కొడుకు ఎత్తి తండ్రికి ఇస్తున్నట్టు చప్పుడు వినపడింది. పెదనాన్న లేచి కూర్చున్నాడు. ఎంతసేపటికీ మాట రాలేదు, చొక్కా గుండీ పెట్టుకుంటూ తీస్తూ ఉన్నాడు. చివరికి "బావా, నేను" అన్నాడు. అవతలివైపు ఏమన్నాడో నాకు తెలియదు. పెదనాన్న చాలాసేపు విన్నాడు. "ఆ, చూశాను, చూశాను" అన్నాడు. మళ్ళీ విన్నాడు. "అది సరేలే, నీకు షుగర్ ఎంతుందిప్పుడు? ఇంజెక్షన్ నువ్వే వేసుకుంటున్నావా, ఎవరన్నా వేస్తున్నారా?" అన్నాడు.